ఫ్యాన్ రెక్క మీద దుమ్ము ఎందుకు ఎగిరిపోదు? పిల్లలతో కలిసి పండగకి ఇల్లు దులపడం గురించి

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ముందు వరుసల్లో ఖాళీ ఉంది. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు వాళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నారని కంగారు పడకండి, నాకేమీ ఇబ్బంది లేదు, నేను మాట్లాడబోయేది వాళ్ళ గురించే.

పండగ ఇంకో వారం ఉందనగా మనం పిల్లలతో ఎక్కువగా అనే మాట ఏంటో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. "అడ్డు రాకు." "నువ్వెళ్ళి టీవీ చూసుకో." "ముట్టుకోకు, పగిలిపోతుంది." నేనూ అన్నాను, చాలా ఏళ్ళు అన్నాను. ఒక పక్క అటక మీది సామానంతా కిందికి దించి ఉంటుంది, ఇంకో పక్క కర్టెన్లు నానుతుంటాయి, చుట్టాలు ఏ పూట దిగుతారో తెలియదు, అంతా టెన్షన్, సరిగ్గా అప్పుడే నాలుగేళ్ళ పిల్ల చీపురు పట్టుకుని మనం కుప్ప చేసిన చెత్తని మళ్ళీ గదంతా పరిచేస్తుంటే ఆ మాట నోట్లోంచి దానంతట అదే వచ్చేస్తుంది. ఆ పిల్లకే పదేళ్ళు వచ్చాక మనం ఏమంటాం? "ఒక్క పనీ ముట్టుకోదు, తిన్న కంచం కూడా తీయదు" అంటాం. ఈ రెండు మాటలకీ సంబంధం ఉంది. ముట్టుకోవద్దని ఆరేళ్ళు నేర్పించింది మనమే.

పిల్లలకి సాయం చేయాలనే కోరిక మనం పుట్టించక్కర్లేదు, అది ముందే ఉంటుంది. 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు ఏడాదిన్నర వయసు పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. పిల్లలకి ఏమాత్రం పరిచయం లేని పెద్దమనిషి బట్టలు ఆరేస్తూ క్లిప్పు కింద పడేసుకుని అందుకోలేక అవస్థపడతాడు, లేదంటే చేతినిండా పుస్తకాలతో వచ్చి బీరువా తలుపు తీయలేక ఆగిపోతాడు. ఎవరూ పిల్లల్ని సాయం చేయమని అడగలేదు, ఏమీ ఇస్తామనలేదు. 24 మంది పిల్లల్లో 22 మంది కనీసం ఒక్కసారైనా లేచి వెళ్ళి ఆ క్లిప్పు తీసివ్వడమో, తలుపు తెరవడమో చేశారు. మాటలు కూడా సరిగ్గా రాని వయసు అది. అంటే మీ ఇంట్లో చీపురు కోసం పేచీ పెట్టే ఆ పిల్ల అల్లరి చేయడం లేదు, మీ పనిలోకి రానివ్వమని అడుగుతోంది.

సరే, రానిచ్చాం అనుకోండి. వెంటనే మనం చేసే రెండో పొరపాటు ఏంటంటే బేరం. "ఈ అర సర్దితే చాక్లెట్ ఇస్తా, గది ఊడిస్తే గంటసేపు ఫోన్ ఇస్తా." ఇది పనిచేస్తుంది, ఆ రోజుకి మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది. తర్వాత ఏమవుతుందో 1973లో మార్క్ లెప్పర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు చూపించారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం ఎటూ ఇష్టమే ఉన్న చిన్నపిల్లల్ని తీసుకుని, కొందరికి "బొమ్మ వేస్తే బహుమతిగా సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే ఆ పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలు వేశారు. ముందు చెప్పకుండా చివర్లో ఉత్తినే ఇచ్చినవాళ్ళకి మాత్రం ఇష్టం తగ్గలేదు. సాయం చేసే విషయంలో కూడా ఇలాగే ఉంటుందని వార్నెకెన్, టొమసెల్లో మళ్ళీ 2008లో ఇరవై నెలల పిల్లలతో చూశారు, సాయం చేసినందుకు వస్తువు ఇచ్చిన పిల్లలు తర్వాత సాయం చేయడం తగ్గించేశారు.

అందుకని నా మాట సూటిగా చెప్తాను. ముందే బేరం పెట్టకండి. పని అయిపోయాక అందరం కలిసి ఏదైనా చేసుకుని తింటే, బయటికి వెళ్తే, అది వేరే సంగతి, అందరం కష్టపడ్డాం అందరం సంతోషంగా ఉన్నాం అన్నట్టు ఉంటుంది. పనికి ధర కట్టడం మొదలుపెడితే మాత్రం రేపు మంచినీళ్ళు తెమ్మన్నా "ఎంతిస్తావ్" అనే మాట వినాల్సి వస్తుంది.

మరి బేరం లేకుండా సరదా ఎక్కణ్ణుంచి వస్తుంది? నా అనుభవంలో అది ఆ పనిలోంచే వస్తుంది. ఇల్లు దులపడంలో ఎంత సైన్సుందో, ఎన్ని లెక్కలున్నాయో నాకు నా పిల్లలు ప్రశ్నలు అడిగితే తప్ప తెలియలేదు. అందులో నాకు బాగా నచ్చినదాంతో మొదలుపెడతాను.

మా పాపకి అప్పుడు ఏడేళ్ళు. నేను స్టూలు మీద నిలబడి ఫ్యాన్ రెక్కలు తుడుస్తున్నాను, తను కింద నిలబడి తడిగుడ్డలు అందిస్తోంది. గుడ్డ నల్లగా అయిపోయింది. దాన్ని చూసి అడిగింది, "నాన్నా, ఫ్యాన్ ఇంత స్పీడుగా తిరుగుతుంది కదా, మరి దీని మీద దుమ్ము ఎగిరిపోకుండా ఎలా ఉంది?" నేను స్టూలు మీదే ఆగిపోయాను. నలభై ఏళ్ళుగా ఫ్యాన్లు తుడుస్తున్నాను, ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. గది గాలంతటినీ తిప్పే ఫ్యాను తన మీదున్న దుమ్మునే ఎందుకు దులుపుకోలేదు?

తర్వాత చదివి తెలుసుకున్నాను. గాలి ఏదైనా వస్తువు పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఆ వస్తువుని ఆనుకుని ఉన్న పలుచని గాలి పొర దానికే అంటిపెట్టుకుని ఉంటుంది. రెక్క తిరుగుతుంటే ఆ పొర కూడా రెక్కతో పాటే తిరుగుతుంది. ఆ పొరలో కూర్చున్న సన్నని దుమ్ము రేణువుకి గాలి వీస్తున్నట్టే ఉండదు. లుడ్విగ్ ప్రాంట్ల్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1904లో ఈ పొర గురించి వివరించాడు, విమానాల రెక్కలు తయారుచేసేవాళ్ళు ఈ రోజుకీ దాని మీద ఆధారపడి లెక్కలు వేస్తారు. అంటే మా పాప అడిగింది విమానాల ఇంజినీర్ల ప్రశ్న! దీన్ని పిల్లలకి చూపించడం చాలా తేలిక. టేబుల్ మీద కాస్త టాల్కం పౌడర్ చల్లి గట్టిగా ఊదమనండి. పైపైది ఎగిరిపోతుంది, అడుగున పలుచగా ఒక పొర మిగిలిపోతుంది, ఎంత ఊదినా పోదు. వేలితో తుడిస్తే పోతుంది. అందుకే కదా ఫ్యాన్‌ని గుడ్డతోనే తుడవాలి. ఇంకో సంగతి, రెక్కలో ఏ అంచు మీద దుమ్ము మందంగా ఉందో చూడమనండి. గాలిని చీల్చుకుంటూ ముందుకి వెళ్ళే అంచు మీదే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే ఎదురొచ్చే రేణువులన్నీ అక్కడే కొట్టుకుంటాయి. ఆ అంచు చూసి ఫ్యాన్ ఎటు తిరుగుతుందో స్విచ్ వేయకుండానే చెప్పమని అడగండి. మా ఇంట్లో ఇది పెద్ద ఆట అయిపోయింది, ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా ఫ్యాన్ ఆగి ఉంటే మా పిల్లలు కింద నిలబడి అది ఎటు తిరుగుతుందో చెప్పేస్తారు.

ఒక్క మాట, ఫ్యాన్ దగ్గర స్టూలు ఎక్కేది పెద్దవాళ్ళే. స్విచ్ ఆపాక, ఆపినట్టు పిల్లలే వెళ్ళి చూసొచ్చి చెప్పాక ఎక్కాలి. ఆ చూసొచ్చే బాధ్యత వాళ్ళకి ఇవ్వండి, ఎంత గంభీరంగా చేస్తారో మీరే చూస్తారు.

ఫ్యాన్ తర్వాత నేల. ముందు పైన దులపాలా, కింద ఊడవాలా? మనకి ఇది అడగాల్సిన ప్రశ్నలా అనిపించదు, పిల్లలకి మాత్రం చెప్పేయకుండా అడగండి. ఒకసారి మా అబ్బాయి ముందు నేల తుడిచేస్తానని పట్టుబట్టాడు, నేను సరేనన్నాను, శుభ్రంగా తుడిచాడు, తర్వాత బూజు దులిపితే అంతా వాడు తుడిచిన నేల మీదే పడింది. మళ్ళీ తుడిచాడు. ఆ తర్వాత ఎప్పుడూ వాడికి చెప్పాల్సిన అవసరం రాలేదు, పైనుంచి కిందికి రావాలని చెల్లెలికి వాడే పాఠం చెప్తాడు. నాకు ఆ రోజు ఒక అరగంట ఎక్కువ పట్టింది, అంతే.

ఇంకో చిన్న ప్రయోగం ఉంది, దీనికి ఎండ కావాలి. దుప్పటి దులిపాక గదిలో కర్టెన్లు మూసి ఒక్క సందులోంచి ఎండ పడేలా చేయండి. ఆ వెలుగు దారిలో దుమ్ము తేలుతూ కనిపిస్తుంది, పక్కన చీకట్లో ఏమీ కనిపించదు. అక్కడ కూడా అంతే దుమ్ముందని, వెలుగు తగిలి చెదిరినప్పుడే మన కంటికి కనిపిస్తుందని చెప్పండి. ఎంతసేపటికి కిందికి దిగుతుందో గడియారం పెట్టి చూడమనండి. కాస్త పెద్ద రేణువులు నిమిషాల్లో దిగిపోతాయి, మరీ సన్ననివి గంటల తరబడి గాలిలోనే ఉంటాయి. దులిపిన వెంటనే కాకుండా కాస్త ఆగి, పొడి గుడ్డకి బదులు తడిగుడ్డతో తుడిస్తే ఎందుకు మంచిదో వాళ్ళకే అర్థమవుతుంది.

ఇంతకీ ఆ దుమ్ములో ఏముంది? ఇంట్లో దుమ్మంతా మన ఒంటి నుంచి రాలిన చర్మమేనని చాలామంది అంటారు. కొంత ఉంటుంది నిజమే, కానీ అంతా అది కాదు. చెప్పులతో లోపలికొచ్చిన మట్టి, బట్టల నుంచి ఊడిన నూలు పోగులు, వెంట్రుకలు, పుప్పొడి, వంటింటి పొగ మసి, పురుగుల ముక్కలు, ఒక్కో ఇంట్లో ఒక్కో పాళ్ళలో ఉంటాయి. పారదర్శకంగా ఉండే టేపు ముక్క తీసుకుని, కిటికీ చట్రం మీద ఒకటి, మంచం కింద ఒకటి, పుస్తకాల అర మీద ఒకటి అద్ది, తెల్ల కాగితం మీద అంటించి, పక్కన ఎక్కడ తీశామో రాయించండి. భూతద్దంతో చూస్తే మంచం కింద దానిలో పోగులు, వెంట్రుకలు ఎక్కువ, కిటికీ దగ్గర దానిలో మట్టి రేణువులు ఎక్కువ కనిపిస్తాయి. దుమ్ములో ఉండే డస్ట్ మైట్ అనే జీవి మాత్రం మామూలు భూతద్దానికి దొరకడం కష్టం, దాని పొడవు మిల్లీమీటరులో దాదాపు మూడో వంతే ఉంటుంది, పైగా ఒళ్ళు పారదర్శకంగా ఉంటుంది. దాని వల్లే చాలామందికి ఎలర్జీ, ఆస్తమా ఎక్కువవుతాయి, కాబట్టి మీ ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలుంటే దులిపే పనిలోకి అసలు దించకండి, దులిపేటప్పుడు ఆ గదిలో ఉండనివ్వకండి, వాళ్ళకి వేరే మంచి పనులున్నాయి, చెప్తాను.

వంటింటికి వద్దాం. జిడ్డు పట్టిన సీసాని ఉత్త నీళ్ళతో కడగమనండి, పోదు. అప్పుడు సబ్బు ఇవ్వండి. ఎందుకు పోయిందో చూపించడానికి ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి పైన మిరియాల పొడి చల్లండి, అది తేలుతూ ఉంటుంది. వేలికి గిన్నెలు తోమే సబ్బు కాస్త రాసుకుని మధ్యలో ముట్టుకోమనండి. పొడి అంతా ఒక్కసారిగా అంచులకి పరుగెత్తుతుంది. నీటి పైపొర బిగుతుగా సాగదీసిన రబ్బరు పొరలా ఉంటుంది, సబ్బు తగిలిన చోట ఆ బిగువు తగ్గిపోతుంది, బిగువుగా ఉన్న చుట్టుపక్కల నీరు పొడిని తనవైపు లాగేసుకుంటుంది. ఇక జిడ్డు సంగతి, సబ్బు అణువుకి ఒక కొస నీళ్ళని పట్టుకుంటుంది, ఇంకో కొస నూనెని పట్టుకుంటుంది, మధ్యవర్తిలా నిలబడి నూనెని నీళ్ళతో పంపించేస్తుంది. ఐదేళ్ళ పిల్లకైతే "ఒక చేత్తో నూనె, ఇంకో చేత్తో నీళ్ళు" అంటే చాలు, పదేళ్ళ పిల్లకి అణువు బొమ్మ వేసి చూపించవచ్చు.

నల్లబడ్డ రాగి చెంబు ఉంటే ఉప్పు, నిమ్మచెక్క ఇవ్వండి. రుద్దిన చోట వెంటనే ఎర్రగా మెరుస్తుంది. రాగి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నల్లబడింది, ఆ పొరని పులుపులో ఉన్న ఆమ్లం కరిగించేస్తోంది. సగం రుద్ది సగం వదిలేయమనండి, ఆ తేడా చూస్తే ఇంక మిగతా సగం మీరు చెప్పక్కర్లేదు. వెండి అయితే ఇంకా బాగుంటుంది, గిన్నెలో అడుగున అల్యూమినియం ఫాయిల్ వేసి, దాని మీద ఆనేటట్టు వెండి చెంచా పెట్టి, వంటసోడా చల్లి, వేడినీళ్ళు పోస్తే కాసేపటికి నలుపు వదిలిపోతుంది. వెండి మీది నలుపు గంధకంతో ఏర్పడ్డ పొర, ఆ గంధకం వెండిని వదిలి అల్యూమినియం వైపు వెళ్ళిపోతుంది, బ్యాటరీలో జరిగేలాంటి మార్పే. కుళ్ళిన గుడ్డు వాసన లాంటిది కొద్దిగా వస్తుంది, వాసన ఎందుకొస్తుందో పిల్లలు తప్పకుండా అడుగుతారు, గంధకం వల్లేనని చెప్పండి. వేడినీళ్ళు మీరే పోయాలి. రాళ్ళు, ముత్యాలు పొదిగిన నగలు ఇందులో వేయకండి.

ఇక్కడ నేను ఒప్పుకోని మాట ఒకటి చెప్పాలి. వంటసోడాలో వెనిగర్ కలిపి నురగ వస్తే అదేదో గొప్ప క్లీనర్ అని వీడియోల్లో చూపిస్తుంటారు. నురగ చూడటానికి బాగుంటుంది, అందులోంచి వచ్చేది కార్బన్ డయాక్సైడ్, పిల్లలకి చూపించండి, చప్పట్లు కొడతారు. కానీ రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఇంకోటి తీసేస్తుంది, మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళ లాంటిదే. విడివిడిగా వాడితేనే ఉపయోగం, కుళాయి మీది తెల్లని నీటి మరకలకి వెనిగర్, గిన్నె మాడుకి వంటసోడా. మంచి ఆటని మంచి ఆటగానే చూపిద్దాం, పిల్లలకి తప్పు చెప్పొద్దు.

కలపడం గురించి చెప్తున్నాను కాబట్టి, దయచేసి ఈ ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. బ్లీచింగ్‌ని టాయిలెట్ కడిగే యాసిడ్‌తో కలపకూడదు, ఒకటి పోసిన చోట రెండోది పోయకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులని దెబ్బతీస్తుంది. వెనిగర్‌తో కూడా కలపకూడదు. అమ్మోనియా ఉన్న వాటితో కలిపినా విషవాయువే వస్తుంది. ఇంటిపనిలో సైన్సు చూపించిన పిల్లలకి "ఇది, అది కలిపితే ఏమవుతుంది" అనే కుతూహలం పెరుగుతుంది, అది మంచిదే, కాబట్టే ఆ సీసాలు వాళ్ళకి అందని చోట తాళం వేసి ఉంచాలి, ఎందుకు ఉంచామో కూడా చెప్పాలి. సర్దేటప్పుడు సొరుగుల్లో దొరికే పాత మందులు, రిమోట్లలో ఉండే చిన్న గుండ్రటి బటన్ బ్యాటరీలు ముందు మీరే ఏరి తీసేయండి. చిన్నపిల్ల ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది, మింగిందని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఉబ్బసం ఉన్న పిల్లలకి వేరే పనులున్నాయన్నాను కదా, అవి సర్దే పనులు. నిజానికి అందరు పిల్లలకీ అందులోనే ఎక్కువ చదువుంది. సాక్స్ కుప్ప తీసుకోండి. తెల్లవి, నల్లవి కలిపి ఒక సంచిలో వేసి, "కళ్ళు మూసుకుని తీస్తే ఒక జత కచ్చితంగా దొరకాలంటే ఎన్ని తీయాలి" అని అడగండి. చాలామంది పిల్లలు పది, ఇరవై అంటారు. మూడు చాలు, ఎందుకంటే రంగులు రెండే, మూడోది ఏ రంగైనా ముందున్న వాటిలో ఒకదానికి జత అవ్వాల్సిందే. మూడు రంగులైతే? వాళ్ళనే తీసి చూడమనండి. మీరు జవాబు చెప్పకండి. సాక్స్ జతలు కట్టే పని ఎలాగూ అయిపోతుంది.

పుస్తకాలు, బొమ్మలు, డబ్బాలు ఏవైనా సరే, ఎలా విభజించాలో వాళ్ళనే తేల్చమనండి. రంగు ప్రకారమా, సైజు ప్రకారమా, ఎంత తరచుగా వాడతామనే దాని ప్రకారమా? ఒక వస్తువు రెండు గుంపుల్లోకీ వస్తే ఎక్కడ పెట్టాలి? గ్రంథాలయం నడిపేవాళ్ళు, మొక్కలకి జాతులు కట్టే శాస్త్రవేత్తలు తలలు బద్దలు కొట్టుకునేది సరిగ్గా దీని గురించే. చదవడం నేర్చుకుంటున్న పిల్లలుంటే డబ్బాల మీద పేర్లు రాసి అంటించే పని వాళ్ళదే, అక్షరం తప్పుపోయినా అలాగే ఉండనివ్వండి, రెండు నెలల్లో వాళ్ళే దిద్దుకుంటారు. అరలో పరిచిన పాత న్యూస్‌పేపరు తీసేటప్పుడు అంచులు పసుపురంగులోకి ఎందుకు మారాయో, వస్తువు కింద ఉన్న చోట ఎందుకు తెల్లగా ఉందో చూపించండి, కాగితంలో చెట్టు నుంచి వచ్చిన లిగ్నిన్ అనే పదార్థం వెలుగుకి, గాలికి అలా మారిపోతుంది.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్తాను. మా పాపకి ఎనిమిదేళ్ళప్పుడు తన పుస్తకాల అర తనే సర్దింది. ఒక పూటంతా పట్టింది. పుస్తకాలని ఎత్తు ప్రకారం కాకుండా "మళ్ళీ చదవాలనిపించేవి, ఒక్కసారికి చాలనిపించినవి, ఇంకా చదవనివి" అని పెట్టుకుంది. చూడటానికి ఎగుడుదిగుడుగా ఉంది. మర్నాడు చుట్టాలొస్తున్నారు, రాత్రి తను పడుకున్నాక నేను ఆ పుస్తకాలన్నీ తీసి ఎత్తు ప్రకారం చక్కగా పేర్చేశాను. పొద్దున లేచి చూసింది. ఏమీ అనలేదు, ఏడవలేదు. దాదాపు ఏడాది పాటు ఆ అర జోలికి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు, సర్దమంటే "మీరే సర్దుకోండి నాన్నా, మీకు నచ్చినట్టు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. చుట్టాలెవరూ ఆ అర వైపు చూడనే లేదు. తర్వాత నేను తనకి క్షమాపణ చెప్పాను, ఆ మూడు గుంపులూ ఎలా ఉండేవో నాకు చూపించమని అడిగాను, మెల్లగా మళ్ళీ మొదలైంది. పిల్లలు చేసిన పనిని వాళ్ళ వెనక సరిచేయకండి. వంకరగా ఉందా, ఉండనివ్వండి. మరీ బాగోలేకపోతే వాళ్ళని పిలిచి వాళ్ళ ముందే అడిగి కలిసి మార్చండి.

పనిముట్ల విషయం. మరియా మాంటిస్సోరి అనే వైద్యురాలు 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో పిల్లల కోసం ఒక బడి తెరిచారు. అక్కడ ఆమె గమనించిన వాటిలో ఒకటి, పిల్లలకి బొమ్మ చీపుళ్ళ కంటే తమ చేతికి సరిపోయే నిజమైన చీపురు, నిజమైన నీళ్ళు, నిజమైన బల్ల తుడిచే పని ఎక్కువ ఇష్టమని. ఈ రోజుకీ ఆ పద్ధతి బడుల్లో ఊడవడం, తుడవడం, మెరుగుపెట్టడం పాఠాలుగానే ఉన్నాయి. కాబట్టి ప్లాస్టిక్ బొమ్మ సెట్ కొనకండి. మామూలు చీపురునే పొట్టిగా చేసి ఇవ్వండి, పాత టీషర్టుని పిల్ల చేతికి సరిపోయేంత చదరపు ముక్కలుగా కత్తిరించండి, చిన్న మగ్గుతో నీళ్ళివ్వండి. రెండు మూడేళ్ళవాళ్ళు గుడ్డ తడిపి పిండడంలోనే పావుగంట గడిపేస్తారు, గోడ తుడవకపోయినా పర్వాలేదు, ఆ పిండడం రేపు పెన్సిల్ పట్టుకునే వేళ్ళకి బలం.

పావుగంట అన్నాను కదా, చిన్నవాళ్ళకి అదే హద్దు. ఆరేళ్ళ పిల్ల పొద్దుటినుంచి సాయంత్రం దాకా మనతో పనిచేయాలనుకోవడం అన్యాయం. కాసేపు పని, కాసేపు ఆట, మళ్ళీ పిలిస్తే వస్తారు. టైమర్ పెట్టుకుని "మనమంతా కలిసి ఈ మూల పది నిమిషాల్లో అవగొట్టగలమా" అనే ఆట బాగుంటుంది. అన్నాచెల్లెళ్ళకి ఒకరి మీద ఒకరికి పోటీ మాత్రం పెట్టకండి, చిన్నది ఓడిపోయి ఏడుస్తుంది, పెద్దవాడు తొందరలో ఏదో ఒకటి పగలగొడతాడు.

అలాగే, అబ్బాయికి ఫ్యాన్లు, అమ్మాయికి గిన్నెలు అని పంచేయకండి. మా ఇంట్లో పనులన్నీ చీటీల మీద రాసి మడిచి ఒక డబ్బాలో వేస్తాం, నేను, మా ఆవిడ కూడా అందులోంచే తీస్తాం. నాకు బాత్రూం వస్తే నేనే కడుగుతాను, అది పిల్లలు చూస్తారు.

పాత వస్తువులు తీసేసేటప్పుడు జాగ్రత్త. మనకి చెత్తలా కనిపించే విరిగిన బొమ్మ వాళ్ళకి ప్రాణం కావచ్చు. వాళ్ళకి తెలియకుండా పారేయకండి, తెలిసిన రోజున ఇక ఏ వస్తువూ వదలరు. మూడు పెట్టెలు పెట్టండి, ఉంచుకునేవి, ఇచ్చేసేవి, ఇంకా తేల్చుకోలేనివి. ఆ మూడో పెట్టె చాలా ముఖ్యం. దాన్ని మూసి తేదీ వేసి పక్కన పెడితే రెండు మూడు నెలల తర్వాత వాళ్ళే తెరిచి చాలావాటిని ఇచ్చేస్తారు. ఇచ్చేవాటిని తుడిచి, లెక్కపెట్టి, పగిలినవి తీసేసి ఇవ్వాలి, పగిలిన బొమ్మ ఇంకో పిల్లకి ఇవ్వకూడదని వాళ్ళకి చెప్పండి. ఇక పాత ఫొటోల డబ్బా బయటపడిందంటే ఆ రోజు పని ఆగిపోతుంది, ఆగిపోనివ్వండి. మీ అమ్మ చిన్నప్పటి ఫొటో పట్టుకుని పిల్లలు అడిగే ప్రశ్నలకి పండగ అయ్యాక టైం దొరకదు.

ఒక అమ్మగారు ఇందాక చీటీ పంపారు, "మా వాడికి పధ్నాలుగేళ్ళు, ఈ మిరియాల పొడి, సాక్స్ ఆటలు వాడి ముందు పెడితే నవ్వుతాడు, ఏం చేయను" అని. నిజమేనండి, ఆ వయసువాళ్ళకి ఆటలు కాదు, అధికారం కావాలి. ఒక గది పూర్తిగా వాడికి అప్పగించండి. ఏ సామాను ఎక్కడ ఉండాలి, మంచం ఏ గోడకి వేయాలి, ఎంత టైం పడుతుంది, ఏమేం కావాలి, అన్నీ వాడే కాగితం మీద ప్లాన్ వేసి కొలతలు రాసుకోనివ్వండి. బీరువా తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి చోటుందో లేదో కొలవకుండా మంచం జరిపితే మళ్ళీ జరుపుకుంటాడు, మీరు చెప్పకండి. రోజూ మీరు "ఏంట్రా ఈ గది" అంటారు కదా, ఆ ఒక్క వారం అనకుండా ఉండండి. ఇది మీకు వాడికంటే ఎక్కువ కష్టం, నాకు తెలుసు.

టైం అయిపోవచ్చింది, చివరిగా ఒకటి చెప్పి దిగిపోతాను. ఆ టేపు ముక్కలు అంటించిన కాగితం ఉంది కదా, దాన్ని పారేయకండి. పిల్లల చేత తేదీ వేయించి, పేరు రాయించి, అలమర తలుపు లోపలి వైపు అంటించండి. వచ్చే పండగ ముందు అవే చోట్ల మళ్ళీ టేపు అద్ది పక్కనే అంటించమనండి. మా అలమరకి ఇప్పుడు అలాంటివి ఆరు కాగితాలున్నాయి, కిటికీ దగ్గరది మాత్రం నాలుగో కాగితం నుంచి ముందుకంటే బాగా నల్లగా వస్తోంది. ఎందుకో మా ఇంట్లో ఇంకా తేలలేదు, పక్క స్థలంలో ఇల్లు కట్టడం మొదలుపెట్టారు కాబట్టి అని మా అబ్బాయి అంటాడు, కాదు కిటికీ ఎక్కువ తెరుస్తున్నాం కాబట్టి అని మా పాప అంటుంది. ఈసారి నెల రోజులు ఆ కిటికీ మూసి ఉంచి చూద్దామని ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు.